కొత్త దేశంలో దిగిన మొదటి మూడు గంటలు: యాప్, కాగితం, మనిషి... దేన్ని నమ్ముకోవాలి?

రాత్రి పదకొండు దాటింది. ఎయిర్‌పోర్టు బయట టాక్సీ ఎక్కి డ్రైవర్‌కు ఫోన్‌లో హోటల్ పేరు చూపించాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ పేరును ఆయన ఒకటికి రెండుసార్లు చూసి, సరేనన్నట్టు తల ఊపాడు. నలభై నిమిషాల తర్వాత దింపిన చోట బోర్డు మీద పేరు అదే. లోపల కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మా పాస్‌పోర్టులు తీసుకుని, కంప్యూటర్‌లో వెతికి, చెయ్యి అడ్డంగా ఊపాడు. మా పేర్లు లేవు. బుకింగ్ మెయిల్‌లో ఉంది, ఫోన్‌లో నెట్ లేదు, చార్జింగ్ నాలుగు శాతానికి వచ్చింది. అమ్మ సూట్‌కేసు మీద కూర్చుని "ఏమంటున్నాడే అతను?" అని అడుగుతోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ అబ్బాయే ఎక్కడికో ఫోన్ చేసి, మా పాస్‌పోర్టుల్లోని పేర్లు ఒక్కో అక్షరం చదివి వినిపించాడు. అదే పేరుతో ఊళ్ళో ఇంకో హోటల్ ఉందని, మా గది అక్కడుందని అప్పుడు తేలింది. అతను ఒక కాగితం చింపి, అడ్రసు తన భాషలో పెద్ద అక్షరాలతో రాసి, కింద ఫోన్ నంబరు వేసి నా చేతిలో పెట్టాడు. రెండో టాక్సీ డ్రైవర్ ఆ కాగితం చూడగానే బండి తీశాడు. నేను నోరు విప్పాల్సిన పనే లేకపోయింది.

ఆ రాత్రి తర్వాత నేను ప్రయాణానికి ఏ ఏర్పాటు చేసుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. ఫోన్ ఆరిపోయి, నోట మాట రాక నిలబడ్డా ఇది పనిచేస్తుందా? రెండో రోజు నుంచి ఏ యాప్ వాడినా, ఏ దారిలో వెళ్ళినా ఫర్వాలేదు, నిద్రపోయి లేచి ఉంటాం కాబట్టి తప్పు చేసినా దిద్దుకోగలం. విమానం దిగినప్పటి నుంచి గది తలుపు తెరిచేదాకా గడిచే ఆ రెండు మూడు గంటలు వేరు. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, చేతిలో సామాను ఉంటుంది, చుట్టూ ఒక్క అక్షరం చదవలేం. కింద చెప్పే ఎంపికలన్నీ ఆ గంటల కోసమే.

మాట అర్థం కావాలంటే: యాప్, కాగితం, నేర్చుకున్న నాలుగు ముక్కలు

అనువాద యాప్ ఉండగా కాగితం ఎందుకు అనిపిస్తుంది. యాప్ గొప్పదే. కెమెరా పెడితే బోర్డు చదువుతుంది, మైకులో మాట్లాడితే అవతలివాళ్ళకు వాళ్ళ భాషలో వినిపిస్తుంది. 2016 నుంచి న్యూరల్ పద్ధతి (యంత్రం వాక్యం మొత్తాన్ని చూసి అనువదించడం) వచ్చాక అనువాదాలు బాగా మెరుగుపడ్డాయి కూడా. అయితే దానికి మూడు కావాలి: చార్జింగ్, నెట్ లేదా ముందే దించుకున్న భాషా ప్యాక్, తిన్నగా రాసిన వాక్యం. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోదాని దగ్గరే తెలుగువాళ్ళం ఎక్కువగా దెబ్బతింటాం.

"నాకు పల్లీలు పడవు" అని టైప్ చేశారనుకోండి. మనకు అందులో ప్రాణం మీదికి వచ్చే విషయం ఉంది. యంత్రం మాత్రం 'పడడం' అన్న మాటను పట్టుకుని పల్లీలు కింద పడట్లేదని రాసేయొచ్చు. "కళ్ళు తిరుగుతున్నాయి", "ఒంట్లో బాగోలేదు" కూడా ఇలాంటివే. మనం రోజూ మాట్లాడే తెలుగంతా జాతీయాలతో నిండి ఉంటుంది, రాసేటప్పుడు మనకే తెలియదు. అందుకే యాప్ కోసం రాసేటప్పుడు మాట మార్చాలి: "నాకు పల్లీల అలర్జీ ఉంది. పల్లీలు తింటే నేను శ్వాస తీసుకోలేను. ఇందులో పల్లీలు ఉన్నాయా?" మూడు చిన్న వాక్యాలు, ప్రతిదానిలో ఎవరు, ఏమిటి అన్నది తేటగా ఉండాలి. "రేపు వస్తాం, ఉంచండి" అని కర్త, కర్మ రెండూ మింగేస్తే యంత్రం వాటిని తన ఊహతో నింపుతుంది.

ఇంకో సంగతి. తెలుగు నుంచి మూడో భాషకు వెళ్ళే అనువాదం చాలాసార్లు ఇంగ్లీషు మీదుగా వెళ్తుంది, అంటే అర్థం జారడానికి రెండు మెట్లున్నాయి. మీకు ఇంగ్లీషులో చిన్న వాక్యాలు రాయడం వస్తే నేరుగా ఇంగ్లీషులోనే రాయండి, ఒక మెట్టు తగ్గుతుంది. ముఖ్యమైన వాక్యమైతే వచ్చిన అనువాదాన్ని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూడండి. తిరిగొచ్చింది మీరు చెప్పినట్టే ఉంటే చూపించండి, లేదంటే వాక్యం మార్చండి. ఇదంతా బయల్దేరే ముందు ఇంట్లో, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చేసి చూసుకోవాలి. ప్యాక్ దించుకున్నామనుకుని అక్కడికెళ్ళాక సగమే దిగిందని తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు.

కాగితానికి వస్తే, మొదటి మూడు గంటలకు నా ఓటు దానికే. పోస్టుకార్డంత అట్ట ముక్క చాలు. పైన హోటల్ పేరు స్థానిక లిపిలో, వేలెడంత అక్షరాలతో. దాని కింద అడ్రసు అదే లిపిలో. ఆ కింద హోటల్ ఫోన్ నంబరు. చివర స్థానిక భాషలో ఒకే వాక్యం: "దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేసి దారి అడగండి." ఈ చివరి వాక్యమే అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే మాట్లాడే పనిని అది మీ నుంచి తీసి, ఆ భాష వచ్చిన ఇద్దరి మధ్య పెడుతుంది. అడ్రసును మీరే అనువదించకండి, హోటల్ సొంత సైట్‌లో స్థానిక భాష పేజీ నుంచి తీసుకోండి, లేదా వాళ్ళకే మెయిల్ రాసి తెప్పించుకోండి. జపాన్‌లో చాలా వీధులకు పేర్లే ఉండవు, అడ్రసు బ్లాకుల నంబర్లతో నడుస్తుంది. అక్కడి కార్ల నావిగేషన్‌లో ఫోన్ నంబరు కొట్టినా చోటు దొరుకుతుంది. కార్డు మీద నంబరు ఉండాలనడానికి అది ఇంకో కారణం.

రెండు కార్డులు చేయించుకోండి. ఒకటి జేబులో, ఒకటి చేతి సంచిలో. పాస్‌పోర్టు కవర్‌లో మాత్రం వద్దు. అక్కడ పెడితే దారిలో ప్రతివాళ్ళ ముందూ పాస్‌పోర్టు బయటికి తీయాల్సి వస్తుంది.

మరి భాష నేర్చుకుని వెళ్ళడం? ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి మూడు గంటల్లో మీరు నేర్చుకున్న ప్రశ్న కష్టాన్ని పెంచవచ్చు. "స్టేషన్ ఎక్కడ?" అని చక్కగా అడిగితే అవతలివాళ్ళు మీకు భాష వచ్చనుకుని గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్తారు, అందులో ఒక్క ముక్క అర్థం కాదు. నమస్కారం, ధన్యవాదాలు, క్షమించండి, నాకు మీ భాష రాదు: ఈ నాలుగూ వస్తే చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మాటకు ఈ నాలుగు ముక్కలు సరిపోతాయి. అంకెలు మాత్రం నోటితో చెప్పొద్దు, ఎక్కడైనా కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించండి. తేదీలో నెల పేరు రాయండి, 05/06 అంటే కొన్నిచోట్ల జూన్ 5, కొన్నిచోట్ల మే 6.

సైగలనూ పూర్తిగా నమ్మలేం. బల్గేరియాలో తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని. అర్థం కాని ప్రశ్నకు తల ఊపేయడం అన్నిటికన్నా ప్రమాదం, ముఖ్యంగా ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర. అక్కడ ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడ దిగుతారు అని అడుగుతారు. అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి, ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలో ఉంటే సగం ప్రశ్నలకు అవే జవాబులు. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే ఉండేలా చూసుకోండి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే రిసెప్షన్‌లో మీరు లేనట్టే.

నెట్: రోమింగ్, ఈ-సిమ్, ఎయిర్‌పోర్టులో సిమ్

ఖర్చు చూసుకుంటే రోమింగ్ (ఇంటి సిమ్‌నే అక్కడ వాడడం) సాధారణంగా ఎక్కువ, అక్కడి సిమ్ తక్కువ, ఈ-సిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే దించుకునే సిమ్) మధ్యలో. దిగిన గంటకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఎయిర్‌పోర్టు సిమ్ కావాలంటే కౌంటర్ తెరిచి ఉండాలి, క్యూలో నిలబడాలి, చాలా దేశాల్లో పాస్‌పోర్టు చూపించి రిజిస్టర్ చేయించుకోవాలి, ప్లాన్ ఏమిటో తెలియని భాషలో అర్థం చేసుకోవాలి. అర్ధరాత్రి దిగేవాళ్ళకు అది కుదరకపోవచ్చు. ఎయిర్‌పోర్టు వైఫై ఉంటుంది కదా అంటే, కొన్నిచోట్ల దానికీ ఓటీపీ వస్తుంది, ఆ ఓటీపీ రావడానికి ఫోన్ నంబరు పనిచేయాలి.

నా సలహా: మీ ఫోన్ ఈ-సిమ్ తీసుకునేదైతే, ఏ కంపెనీకీ లాక్ అయి ఉండకపోతే, ఇంట్లో వైఫై మీద ఉండగానే ఈ-సిమ్ ఎక్కించుకోండి. ఎక్కించడానికీ నెట్ కావాలన్నది చాలామంది మర్చిపోయి, అక్కడ దిగాక క్యూఆర్ కోడ్ పట్టుకుని తిరుగుతారు. ఈ-సిమ్ ప్లాన్లలో చాలావాటికి డేటా తప్ప ఫోన్ నంబరు ఉండదు, హోటల్‌కు మామూలు కాల్ చేయలేరు. కాబట్టి ఇంటి సిమ్ తీసేయకండి. దాని డేటా రోమింగ్ మాత్రం ఆపి, బ్యాంకు ఓటీపీల కోసం ఉంచండి. ఆ మెసేజ్‌లు విదేశంలో అందుతాయో లేదో, వాటికి చార్జీ పడుతుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

పెద్దవాళ్ళు వెళ్తుంటే రోమింగే మేలు. డబ్బులు ఎక్కువైనా మార్చాల్సింది ఏమీ ఉండదు, నంబరు మారదు, ఇంట్లోవాళ్ళు మామూలుగానే ఫోన్ చేస్తారు. చైనాకు వెళ్తుంటే మరో కారణం ఉంది: అక్కడి ప్రధాన భూభాగంలో గూగుల్ మ్యాప్స్, అనువాదం వంటివి స్థానిక నెట్ మీద మామూలుగా తెరుచుకోవు, రోమింగ్ డేటా ఇంటి నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది కాబట్టి చాలావరకు తెరుచుకుంటాయి. అమెరికాలో కొన్న ఐఫోన్లు, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి, అసలు సిమ్ పెట్టే చోటు లేకుండా వస్తున్నాయి. అలాంటి ఫోన్ చేతిలో ఉంటే కౌంటర్‌లో అమ్మే ప్లాస్టిక్ సిమ్ పనికిరాదు.

గదికి ఎలా చేరాలి?

దీనికన్నా ముందు, మీరు దిగేది ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. 2002లో బ్రిటన్ నుంచి బయల్దేరిన ఒక యువ జంట ఆస్ట్రేలియా సిడ్నీ అనుకుని టికెట్లు కొని, కెనడాలో నోవా స్కోషియాలో ఉన్న సిడ్నీలో దిగింది. అంత దూరం పోకపోయినా, ఇస్తాంబుల్‌లో రెండు పెద్ద ఎయిర్‌పోర్టులున్నాయి, ఒకటి ఐరోపా వైపు, రెండోది సబీహా గోక్చెన్, ఆసియా వైపు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అన్న ఎయిర్‌పోర్టు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వంద కిలోమీటర్లకు పైనే ఉంటుంది. టికెట్ మీద ఊరి పేరు చూసి ఊరుకోకుండా ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్ చూడండి.

ఇక నాలుగు దారులు: హోటల్ పంపే కారు, ఎయిర్‌పోర్టులోని అధికారిక టాక్సీ క్యూ, యాప్ కారు, రైలు.

పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్తున్నా, రాత్రి తొమ్మిది తర్వాత దిగుతున్నా హోటల్ కారు మాట్లాడుకోండి. అన్నిటికన్నా ఖరీదు ఇదే అవుతుంది చాలాసార్లు, అయినా ఆ ఒక్క రాత్రికి ఇవ్వొచ్చు. మీ పేరు రాసిన బోర్డు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు, అడ్రసు చెప్పే పనే లేదు. విమానం ఆలస్యమైతే ఆగుతారా, ఎంతసేపు ఆగుతారు అన్నది ముందే రాసి అడగండి.

యాప్ కారులో పెద్ద సుఖం, ఎక్కడికి వెళ్ళాలో డ్రైవర్‌కు నోటితో చెప్పనక్కర్లేదు, ధర ముందే కనిపిస్తుంది. ఇబ్బంది అంతా ఎక్కే చోట వస్తుంది. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఈ కార్లకు వేరే చోటు ఉంటుంది, ఏ అంతస్తో, ఏ తలుపో తెలియక మీరొక చోట, కారొక చోట. డ్రైవర్ ఫోన్ చేస్తాడు, ఆ భాష మీకు రాదు. అందుకని ఫోన్ ఎత్తకుండా చాట్‌లోనే తలుపు నంబరు, స్తంభం నంబరు రాయండి, లేదా నిలబడ్డ చోటు ఫొటో పంపండి. పగలు, కొంచెం ప్రయాణాల అలవాటు ఉన్నవాళ్ళకు ఇది బాగుంటుంది.

యాప్ లేకపోతే అధికారిక టాక్సీ క్యూ, పైన చెప్పిన కార్డుతో. లోపలే ఎదురొచ్చి "టాక్సీ, టాక్సీ" అని సామాను అందుకునేవాళ్ళతో మాత్రం వెళ్ళకండి. భాష రానప్పుడు బేరం కుదిరిందో లేదో కూడా మనకు తెలియదు.

రైలు చవక, ట్రాఫిక్ బాధ లేదు, సూట్‌కేసు ఒక్కటే ఉంటే నేనూ రైలే ఎక్కుతాను. ఊళ్ళ పేర్లతో జాగ్రత్త. మనం మ్యూనిక్ అనే ఊరు జర్మన్‌లో ముంచెన్, ఇటాలియన్‌లో మొనాకో. ఇటలీలో స్టేషన్ బోర్డు మీద మొనాకో అని చూసి ఫ్రాన్స్ పక్కనున్న చిన్న దేశానికి వెళ్తుందనుకుంటే జర్మనీలో తేలతారు. దిగాల్సిన స్టేషన్ పేరు అక్కడి లిపిలో చీటీ మీద రాసుకుని, బోర్డు మీది అక్షరాలను బొమ్మల్లా పోల్చి చూసుకోవడమే మార్గం. దానికి ముందున్న స్టేషన్ పేరు కూడా రాసుకోండి. అది వచ్చిందంటే లేచి సామాను తీసుకునే టైమ్ దొరుకుతుంది.

డబ్బు గురించి రెండు మాటలే. దిగగానే బ్యాంకు ఏటీఎం నుంచి మొదటి రోజుకు సరిపడా తీసుకోవడం, లేదా బయల్దేరే ముందు కొంచెం మార్చుకుని వెళ్ళడం మంచిది. ఏటీఎం గానీ కార్డు మిషన్ గానీ "మీ దేశం కరెన్సీలో తీసుకోమంటారా?" అని అడిగితే వద్దని, స్థానిక కరెన్సీనే నొక్కండి. మీ దేశం కరెన్సీ ఎంచుకుంటే పడే మార్పిడి రేటు సాధారణంగా మీ బ్యాంకు ఇచ్చేదానికన్నా అధ్వానంగా ఉంటుంది. అర్థం కాని తెర మీద పచ్చ బటన్ నొక్కేయడం దగ్గరే చాలామంది దొరికిపోతారు.

బ్యాగు రాకపోతే: అక్కడే ఫిర్యాదా, గదికెళ్ళాక ఆన్‌లైన్‌లోనా?

అక్కడే. బెల్టు ఆగిపోయి, మీ బ్యాగు రాలేదని తెలిసిన క్షణం నుంచి ఆ హాలు దాటి బయటికి రావొద్దు. లోపలే ఉన్న బ్యాగేజీ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి, దాని నంబరు తీసుకోండి. ఇక్కడ భాష పెద్ద అడ్డు కాదు. చెక్-ఇన్‌లో ఇచ్చిన చీటీ మీద పది అంకెల నంబరు ఉంటుంది, ప్రపంచంలో ఏ కౌంటర్‌కైనా అది అర్థమవుతుంది. బ్యాగు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేక తంటాలు పడకుండా, బయల్దేరేటప్పుడు బయటి నుంచి ఒకటి, తెరిచి ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి.

అంతర్జాతీయ ప్రయాణాల్లో చాలావాటికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం దెబ్బతిన్న బ్యాగు గురించి చేతికి అందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వచ్చిన బ్యాగు గురించి అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావాల్సిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. అందాకా కొనుక్కున్న బట్టలు, బ్రష్షుల రసీదులన్నీ దాచండి. రోజూ వేసుకునే మందులు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, వాటిని ఏ పరిహారమూ ఆ రాత్రికి తెచ్చివ్వదు.

యాప్ సరిపోని చోట్లు

ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో చెప్పడానికి యాప్ సరిపోతుంది. సంతకం పెట్టమని కాగితం ఇచ్చినప్పుడు సరిపోదు. ఇంటర్‌ప్రిటర్‌ను అడగండి. ప్రయాణ బీమా ఉంటే దాని ఇరవైనాలుగు గంటల నంబరుకు ఫోన్ చేయండి, చాలా బీమాల్లో ఆసుపత్రితో మాట్లాడిపెట్టే మనుషులుంటారు. మందుల బ్రాండు పేర్లు కాకుండా అసలు పేర్లు రాసుకోండి, అవీ కొన్నిచోట్ల మారతాయి: మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికా, జపాన్‌లలో ఎసిటమినోఫెన్ అంటారు. పోలీసులు ఆపి ఉంచితే, మీ దేశపు రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ఇచ్చింది. మీరు అడిగితేనే వాళ్ళు కార్యాలయానికి చెప్పాలన్నది అందులో నియమం, కాబట్టి అడగాలి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో అత్యవసరానికి 112.

అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్తుంటే

నాకు అన్నిటికన్నా బెంగ పుట్టించే ప్రయాణం ఇదే. ముందు విమానం మారే అవసరం లేని టికెట్ చూడండి. కాస్త ఎక్కువైనా సరే, మధ్యలో తెలియని ఎయిర్‌పోర్టులో గేటు మారిందన్న ప్రకటన వాళ్ళకు అర్థం కాకపోతే సాయం చేసేవాళ్ళుండరు. అది కుదరకపోతే రెండు దారులు. నడవడం కష్టమైతే టికెట్‌తో పాటే వీల్‌చెయిర్ సహాయం అడగండి, సిబ్బంది ఇమిగ్రేషన్, బ్యాగేజీ దాటించి బయటిదాకా తెస్తారు. నడవగలిగి, భాషే ఇబ్బందైతే చాలా ఎయిర్‌పోర్టుల్లో డబ్బు కట్టి బుక్ చేసుకునే 'మీట్ అండ్ అసిస్ట్' సేవ ఉంటుంది, గేటు దగ్గరే మనిషి వచ్చి కలుస్తాడు. తోటి ప్రయాణికులను నమ్ముకోవడం మూడోది, మంచివాళ్ళు దొరుకుతారు గానీ వాళ్ళకూ తమ విమానం తప్పిపోకూడదుగా.

ఏది ఎంచుకున్నా అమ్మ మెడలోని పర్సులో ఒక ఉత్తరం పెట్టండి, అక్కడి భాషలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. తాను ఎవరు, ఎవరి దగ్గరికి వచ్చింది, ఎన్నాళ్ళుంటుంది, ఏ భాష వచ్చు, ఏ మందులు వాడుతోంది, బయట ఎవరు ఎదురుచూస్తున్నారు. తెలుగుది ఎందుకంటే తాను ఏ కాగితం ఎవరికి చూపిస్తోందో అమ్మకు కూడా తెలియాలి. మీ ఫోన్ నంబరు ముందు దేశం కోడ్ రాయడం మర్చిపోకండి. ఆ కోడ్ లేకపోతే సాయం చేద్దామని ఫోన్ తీసిన మనిషికి కూడా మీరు దొరకరు.